మనిషి జాతి నిలవాలా అన్న ప్రశ్నను చర్చకు పెట్టడం ఎలా

అనంతపురంలో మేము కొందరం నెలకొక ఆదివారం సాయంత్రం ఒకచోట చేరి, తేలికగా తెగని ప్రశ్న ఒకదానిని ముందు పెట్టుకుని మాట్లాడుకుంటాం. డిగ్రీ చదివే పిల్లలు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, సేద్యం చేసుకునే ఇద్దరు అన్నదమ్ములు, బ్యాంకులో పనిచేసే ఒక అక్క, అందరం కలిసినా పదిహేను మందిమి దాటం. మనుషులు ఒక్కరూ మిగలకుండా అంతరించిపోతే అది చెడ్డ విషయమేనా, మనిషి జాతి నిలిచి ఉండవలసిన అవసరం ఏమైనా ఉందా అన్న ప్రశ్నను ఇప్పటికి మూడుసార్లు చర్చకు పెట్టాం. మొదటిసారి పూర్తిగా చెడిపోయింది, రెండోసారి సగం నిలబడింది, మూడోసారి మాత్రం రాత్రి తొమ్మిదైనా ఎవరూ లేవలేదు. కడపలోనూ కర్నూలులోనూ ఇలాంటి చర్చ పెట్టాలనుకుంటున్న మిత్రులు పద్ధతి ఏమిటని అడిగారు గనుక, మా పొరపాట్లతో సహా ఇక్కడ రాస్తున్నాను.

నల్లబల్ల మీద ఏం రాయాలి

మొదటిసారి నేను నల్లబల్ల మీద "మనుషులు అంతరించిపోతే మంచిదా, చెడ్డదా?" అని ఒకే వాక్యం రాశాను. పది నిమిషాలు గడవకముందే ఒకరు ప్లాస్టిక్ గురించి, ఒకరు అణుబాంబు గురించి, ఇంకొకరు జనాభా గురించి ఎవరి దారిన వారు మాట్లాడసాగారు. అంతలో ఒక పెద్దాయన, పెళ్లయి నాలుగేళ్లయిన ఒక అమ్మాయి వైపు తిరిగి, "మీయట్లా చదువుకున్నోళ్లే పిల్లలొద్దనుకుంటే జాతి యాడ నిలుస్తాదమ్మా?" అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు. ఆ అమ్మాయి మాత్రం జవాబు చెప్పకుండా చేతిసంచి తీసుకుని లేచి వెళ్లిపోయింది, తర్వాత రెండు నెలలు రాలేదు. వేరువేరుగా అడగవలసిన ప్రశ్నలను ఒకే మూటగా కట్టి అందరి మధ్యా పడేసింది నేను కాబట్టి, ఆ తప్పును నా ఖాతాలోనే రాసుకున్నాను.

అందుచేత బల్ల మీద ముందుగా మూడు మాటలను దూరం దూరంగా రాయండి: జనాభా తగ్గడం, నాగరికత కూలడం, జాతి అంతరించడం. మొదటిదానికి ఉదాహరణ మన కళ్లెదుటే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఒక తరం తన సంఖ్యను తాను నిలుపుకోవడానికి 2.1 కావాలంటారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో శాసనసభ ఎత్తివేసిన సంగతి కూడా ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. అవన్నీ పింఛన్లకూ పనివాళ్లకూ నియోజకవర్గాల లెక్కలకూ సంబంధించిన విషయాలని, ప్రపంచంలో 800 కోట్లకు పైగా జనం ఉన్న ఈ రోజుల్లో వాటికీ జాతి అంతరించడానికీ ఉన్న దూరం చాలా పెద్దదని ఆదిలోనే చెప్పేయండి. అలా చెబితే ఎవరి ఇంటి సంగతీ చర్చలోకి రాదు.

రెండో మాటకు మన సీమ చరిత్రే సాక్ష్యం. 1876లో మొదలైన ధాత కరువులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఎంతగా ఖాళీ అయ్యాయంటే, 1871 జనగణనలో కర్నూలు జిల్లాలో ఉన్నంత జనం 1881 జనగణన నాటికి లేరు. ఊళ్లకు ఊళ్లు పాడుబడ్డాయి. అయినా మిగిలినవాళ్లు మళ్లీ నాగళ్లు కట్టారు, గుళ్లలో దీపాలు పెట్టారు, పోయినవాళ్లను తలచుకున్నారు. తలచుకునేవాడు ఒక్కడూ మిగలని స్థితిని మూడో మాట సూచిస్తుంది. ఈ తేడా మనసుకు పట్టేదాకా తొందరపడి ముందుకు పోవద్దు. మా మూడో చర్చలో ఈ ఒక్క తేడాకే ముక్కాలు గంట పట్టింది, అది వృథా అయిందని నేను అనుకోను.

వీలైతే చర్చకు ముందు ఒక ఉదయం అందరినీ జ్వాలాపురం తీసుకువెళ్లండి. ఇప్పుడు అది నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇంకా కర్నూలు జిల్లానే, బనగానపల్లెకు దగ్గర. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో దాదాపు 74,000 ఏళ్ల కిందట తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద సముద్రం దాటివచ్చి జుర్రేరు లోయలో పడింది, వానలకు కొట్టుకువచ్చి పల్లంలో పేరుకుంది. ఆ బూడిదను తవ్వుకున్న గుంతల అంచుల్లో తెల్లటి పొర కొన్ని చోట్ల మనిషి ఎత్తును మించి కనిపిస్తుంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపితే పిండిలా మెత్తగా ఉంటుంది, కొంచెం గరగరలాడుతుంది. ఆ విస్ఫోటనం దెబ్బకు భూమి మీద మనుషులు కొన్ని వేలమందికి తగ్గిపోయారన్న వాదం 1990లలో బాగా ప్రచారమైంది. అయితే 2007లో ప్రచురించిన తవ్వకాల ఫలితాల ప్రకారం జ్వాలాపురంలో బూడిద పొరకు కింద దొరికిన రాతి పనిముట్లకూ పైన దొరికిన వాటికీ పెద్దగా తేడా లేదు. వాటిని చేసినవారు అచ్చంగా మనలాంటివారేనా అన్న తగవు పండితుల మధ్య ఇంకా తీరలేదు. ఎవరైతేనేం, ఆకాశం నుంచి బూడిద రాలిన తర్వాత కూడా ఆ లోయలో ఎవరో కూర్చుని రాయి చెక్కారు. మా గుంపులో కాలేజీ పిల్లవాడొకడు ఆ పొర మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు; ఆ రోజు నుంచి అంతరించడం అన్న మాట వాడికి సినిమా మాటగా వినిపించడం మానేసింది.

పక్షితో మొదలుపెట్టడం

మనిషి గురించి నేరుగా అడిగితే అందరూ తమ పక్షానే వాదిస్తారు. అందుకని ముందు కలివికోడి గురించి అడగండి. 1900 ప్రాంతంలో అనంతపురం వైపు చూసిన తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనే అందరూ అనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర, వేటలో ఆరితేరిన ఒక స్థానికుడి సాయంతో మళ్లీ దొరికింది. దానికోసం అభయారణ్యం ప్రకటించారు, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఒక చిన్న పక్షికోసం కాలువను మళ్లించడం సబబేనా అని అడిగి, సబబేనన్నవారి చేత కారణాలు చెప్పించి, వాటిని బల్ల మీద ఒక పక్కన రాయండి. అది లేకపోతే అడవి సమతూకం చెడుతుందని ఒకరంటారు. దానికి బతికే హక్కు ఉందని ఇంకొకరంటారు. లక్షల ఏళ్లు పట్టి తయారైనదాన్ని ఒక తరం పోగొట్టడానికి వీల్లేదని మూడోవారంటారు.

తర్వాత పక్షి పేరు తుడిచి, ఆ చోట మనిషి పేరు రాయండి. అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది. మనిషి లేకపోతే అడవికి మేలే గనుక మొదటి కారణం కూలిపోతుంది. రెండోది నిలుస్తుంది గానీ, ఆ హక్కు బతికి ఉన్న మనుషులదా, జాతిదా అన్న చిక్కు వస్తుంది. మూడోది నిలవడమే కాక మరింత బలపడుతుంది. వీటికి తోడు, కలివికోడి తన జాతి అంతాన్ని ఊహించలేదు, మనిషి ఊహించగలడు అని ఎవరో ఒకరు అంటారు. అది కలిసివచ్చే గుణమా, కేవలం అదనపు బాధా అన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి.

చేతులెత్తించే ప్రశ్న

బ్రిటిష్ తత్త్వవేత్త డెరెక్ పర్ఫిట్ 1984లో ప్రచురించిన గ్రంథం చివర ఒక ప్రశ్న వేశాడు. ఈ చర్చలో అంతకంటే పదునైన పనిముట్టు నాకు దొరకలేదు. మూడు పరిస్థితులు ఊహించమన్నాడు: ఒకటి శాంతి, రెండు, నూటికి 99 మందిని చంపే అణుయుద్ధం, మూడు, నూటికి నూరుమందినీ చంపే యుద్ధం. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఉన్న తేడా పెద్దదా, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్నది పెద్దదా? మొదటి తేడాయే పెద్దదని చాలామంది అనుకుంటారని, రెండోదే చాలా పెద్దదని తాను నమ్ముతున్నానని అతడు రాశాడు.

దీన్ని అంకెల్లో చెబితే ఎవరికీ పట్టదు. నూటికి ఒకరు మిగలడమంటే ఇప్పటి లెక్కన 8 కోట్లమంది మిగలడం, అంటే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నంత జనం భూమి మొత్తం మీద మిగలడం అని చెప్పండి. తెలుగువాళ్లంత మంది మిగిలితే చాలు, భాషలు, వంటలు, వైద్యం, విత్తనాలు మళ్లీ మొదలవుతాయి. ఆ 8 కోట్లూ పోతే పోయేది 8 కోట్ల ప్రాణాలు మాత్రమేనా, ఇకముందు పుట్టవలసిన వారందరూనా అని అడిగి, చేతులెత్తించి లెక్క రాసుకోండి. చర్చ చివర ఇదే ప్రశ్న మళ్లీ వేయాలి. మా దగ్గర మొదట పదమూడు మందిలో తొమ్మిదిమంది మొదటి తేడాయే పెద్దదన్నారు.

ఇక్కడే రెండో విభజన చేయాలి. అంతరించే క్రమంలో జరిగే చావులు, బాధ, భయం ఒక ఎత్తు. అంతా ముగిసిన తర్వాత ఎవరూ లేకపోవడం ఇంకో ఎత్తు. మొదటిది చెడ్డదనడంలో తెలివైన వాళ్లెవరికీ పేచీ లేదు. వాదమంతా రెండోదాని గురించే. ఎవరినీ చంపకుండా, ఎవరికీ నొప్పి లేకుండా, చివరి తరం తనంతట తాను పిల్లలు వద్దనుకుని ప్రశాంతంగా వెళ్లిపోతే అందులో ఏం పోయింది అని అడిగితే గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టకండి. నేను ఒకసారి తొందరపడి నా అభిప్రాయం చెప్పేసి చెడగొట్టాను.

వద్దనేవారి వాదాన్ని వద్దననివారి చేత చెప్పించడం

చేతులెత్తినప్పుడు జాతి నిలవాలని గట్టిగా అన్నవారినే పిలిచి, నిలవనక్కరలేదన్న వాదాన్ని పది నిమిషాలు బలంగా వినిపించమనండి. ముందు వారం ఆ వాదాలను కాగితం మీద రాసి ఇస్తే వారికి సులువు. దక్షిణాఫ్రికా తత్త్వవేత్త డేవిడ్ బెనటార్ 2006లో వాదించినది స్థూలంగా ఇది: బాధ లేకపోవడం మంచిదే, ఆ మంచిని అనుభవించేవాడు లేకపోయినా సరే, సుఖం లేకపోవడం మాత్రం, దాన్ని కోల్పోయేవాడంటూ ఒకడు ఉంటే తప్ప చెడు కాదు, కాబట్టి పుట్టించడం ఎప్పుడూ నష్టబేరమే. నల్లమలలో ఊరు వెలయని లోయ ఒకటి తీసుకోండి. అక్కడ పుట్టి ఉండవలసిన పిల్లలు పుట్టలేదే అని ఎవరూ ఏడవరు. అక్కడ ఆకలితో అలమటించే పిల్లలు లేకపోవడం మంచిదేనని మాత్రం ఒప్పుకుంటారు. వాదం బలమంతా ఈ పోలికలో ఉంది. దీనికి ముందే 1973లో తత్త్వవేత్త జాన్ నార్వెసన్, మనుషులను సంతోషపెట్టడానికి మనం బద్ధులమే గానీ సంతోషంగా ఉండే మనుషులను తయారుచేయడానికి కాదు అన్న అర్థంలో రాశాడు. అమెరికాలో లెస్ నైట్ అనే ఆయన 1991 నుంచి, భూమి కోలుకోవడానికి మనుషులు స్వచ్ఛందంగా పిల్లలను కనడం మానాలని ప్రచారం చేస్తున్నాడు. ఎవరినీ చంపాలని గానీ బలవంతపెట్టాలని గానీ ఆయన అనడం లేదని స్పష్టంగా చెప్పించండి, లేకపోతే వినేవాళ్లు ఆయనను రాక్షసుడిని చేస్తారు.

ఈ ఘట్టంలో మన ప్రాంతంలో రెండు మాటలు తప్పకుండా వస్తాయి. ఒకటి మోక్షం: జన్మ లేకపోవడమే కదా మన పెద్దలు కోరుకున్నది, మరి అందరికీ అది దొరికితే మంచిదే కదా అని. ఇది తీసిపారేయదగిన మాట కాదు. కానీ జన్మరాహిత్యం ఒక్కో జీవుడు సాధించుకోవలసినదిగా చెప్పారే తప్ప ఊరంతటికీ ఒకేసారి ప్రకటించే సెలవుగా చెప్పలేదని, దాన్ని కోరిన సమాజమే సంతానాన్నీ కోరిందని గుర్తుచేస్తే సరిపోతుంది. రెండోది కాలజ్ఞానం. బ్రహ్మంగారు మఠం కట్టుకున్న కడప జిల్లాలో, ఆయన నడయాడిన బనగానపల్లెలో, కలియుగాంతంలో యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని విన్నవాళ్ల మధ్య ఈ మాట రాకుండా ఉండదు. నవ్వకండి, ఖండించకండి. అది ఏం జరుగుతుందో చెప్పే మాట, మన ప్రశ్న జరిగితే మంచిదా కాదా అన్నది అని చెప్పి పక్కన పెట్టండి. ఒకవేళ అంతం రాసిపెట్టి ఉన్నా, మంచిచెడ్డల విచారం అనవసరమైపోదు; చావు తప్పదని తెలిసినవాడు బతకడం మంచిదా అని అడగడం మానుకుంటున్నాడా?

ప్రమాదాల జాబితాకు మాత్రం ఐదు నిమిషాలకు మించి ఇవ్వవద్దు. తోకచుక్కలు, గ్రహశకలాల వంటి సహజ ప్రమాదాల కంటే అణ్వాయుధాలు, ప్రయోగశాలల్లో తయారుచేయగల వ్యాధికారకాలు, అదుపు తప్పగల కృత్రిమ మేధ వంటి మనిషి చేతి ప్రమాదాలే పెద్దవని ఈ రంగంలో చాలామంది అంటారు. రాబోయే నూరేళ్లలో మానవజాతి పతనం కాగల అవకాశం ఆరింటిలో ఒకటి అని తత్త్వవేత్త టోబీ ఆర్డ్ 2020లో వేసిన అంచనా అతడి సొంత అంచనా మాత్రమేనని చెప్పండి, లేకపోతే మిగతా సాయంత్రమంతా ఆ భిన్నం చుట్టూనే తిరుగుతుంది. 1983 సెప్టెంబర్ 26 రాత్రి అమెరికా క్షిపణులు వస్తున్నాయని యంత్రం చూపిస్తే, అది పొరపాటేనని తేల్చుకుని కూర్చున్న సోవియట్ అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్ ఉదంతం ఒక్కటి చెబితే చాలు.

ఏడు సంతానాలు

ఇంత వరకూ వాదం బయటి పుస్తకాలదే. దాన్ని మన నేల మీదికి తేవడానికి నాకు పనికివచ్చినది పోరుమామిళ్ల చెరువు శాసనం. 1369లో విజయనగర యువరాజు భాస్కరుడు కడప జిల్లాలో ఆ చెరువు కట్టించి వేయించిన సంస్కృత శాసనంలో, మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు వరుసగా చెప్పారు. గట్టు కారడం, చవుటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఆ దోషాల్లో కొన్ని. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా అందులో ఉంది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. కట్ట మీద నిలబడితే, అరవై డెబ్బై ఏళ్లు బతికే మనిషి 650 ఏళ్ల తర్వాతి వాడికోసం ఇంత లెక్క ఎందుకు వేసుకున్నాడన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

మన పెద్దలు మనిషి వెనక మిగిలేవాటిని సప్తసంతానాలన్నారు: కొడుకు, చెరువు, తోట, గుడి, నిధి, అగ్రహారం, కావ్యం. (కూతురిని ఎందుకు చేర్చలేదని మా బ్యాంకు అక్క అడిగింది, జవాబు చెప్పగలిగినవారు లేరు. బిడ్డ అని మార్చి రాసుకున్నాం.) ఈ ఏడింటిని బల్ల మీద రాసి, పిల్లలు లేనివారికి ఇందులో ఎన్ని సాధ్యమని అడగండి. ఆరు సాధ్యం. కాబట్టి బిడ్డను కననివాడు వంశద్రోహి, జాతిద్రోహి అన్న మాటకు మన సంప్రదాయంలోనే చోటు లేదు. వెళ్లిపోయిన ఆ అమ్మాయికి మొదటిరోజే నేను చెప్పవలసిన మాట ఇది.

తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: భూమి మీద ఎవరికీ బిడ్డలు లేకపోతే ఈ ఆరింటిలో ఎన్ని మిగులుతాయి? చెరువు పూడిపోతుంది, తోట అడవిలో కలుస్తుంది, గుడిలో దీపం ఉండదు, నిధిని తవ్వేవాడు లేడు, అగ్రహారం దిబ్బ అవుతుంది, కావ్యం చదివేవాడు లేక కాగితమవుతుంది. ఆరూ మన సొంత బిడ్డ మీద ఆధారపడవు, ఎవరో ఒకరి బిడ్డ మీద మాత్రం ఆధారపడతాయి. అమెరికా తత్త్వవేత్త శామ్యూల్ షెఫ్లర్ 2013లో దాదాపు ఇక్కడికే ఇంకో దారిలో వచ్చాడు: మీరు నిండుగా బతికి పోయిన 30 రోజులకు భూమి నాశనమవుతుందని ముందే తెలిస్తే, మీ ప్రాణానికి ఏ హానీ లేకపోయినా, ఇవాళ చేస్తున్న పనుల్లో ఎన్నింటికి అర్థం మిగులుతుంది? సేద్యం చేసే తమ్ముడు ఈ మాటకు, "బుడ్డలు ఏస్తాం సార్, నాలుగు నెలల్లో వచ్చేస్తాయి. చింతచెట్టు మాత్రం పెట్టం" అన్నాడు. ఆ సాయంత్రం అంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు.

దీనితో బెనటార్ వాదం ఓడిపోయిందని నేను అనను. పుట్టనివాడికి నష్టం లేదన్నది అలాగే నిలుస్తుంది. కానీ నష్టం పుట్టనివాడిదే అయి ఉండాలన్న పట్టు సడలుతుంది. అర్ధంతరంగా ఆగిపోయిన పనుల నష్టం, పని చేసి పోయినవారిదీ ఇప్పుడు చేస్తున్నవారిదీ కూడా. నా మటుకు జాతి నిలవాలనడానికి ఇదే గట్టి కారణం. భవిష్యత్తులో పుట్టగల లక్షల కోట్లమంది లెక్క నన్ను ఎన్నడూ కదిలించలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఈ కారణం, ఎవరి బాధ మీదనైనా సరే జాతిని సాగదీయమని చెప్పదు. చవుటి నేలలో చెరువు కట్టవద్దన్నది కూడా ఆ శాసనమే.

జాగ్రత్తలు

పుట్టకపోతే బాగుండేది అన్న వాదాన్ని కరువు సీమలో, అప్పుల బాధతో రైతులు ప్రాణాలు తీసుకున్న జిల్లాలో వినిపిస్తున్నామని ఒక్క క్షణం కూడా మరవద్దు. ఒక జీవితం మొదలుపెట్టదగినదా అన్నది వేరు, మొదలైన జీవితం కొనసాగించదగినదా అన్నది వేరు అని బెనటార్ స్వయంగా గట్టిగా చెప్పాడు. ఆ మాటను చర్చ మొదట్లోనే చదివి వినిపించండి. ఎవరైనా వాదం వదిలి తన బతుకు గురించి తానే నిరాశగా మాట్లాడితే అక్కడితో చర్చ ఆపి, ఒకరు ఆ మనిషిని పక్కకు తీసుకువెళ్లి కూర్చోవాలి, ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ సంఖ్య 14416, తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రీ పగలూ పలుకుతుంది. దాన్ని బల్ల మూలలో రాసి ఉంచండి, ఎందుకు రాశారని అడిగితే ఉన్నదే చెప్పండి.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చర్చకు ముందు పెట్టవద్దు. కడుపు నిండితే వాదం మందగిస్తుంది. చివర చేతులు మళ్లీ ఎత్తించి, ఒక్కొక్కరి చేత చీటీ మీద తన జవాబు, దానికి ఒకే ఒక కారణం రాయించి, పేరు లేకుండా మడిచి డబ్బాలో వేయించండి. మా మూడో చర్చలో మొదటి తేడాయే పెద్దదన్న తొమ్మిదిమందిలో నలుగురు మారారు. రెండో తేడా పెద్దదన్నవారిలో ఒకరు మొదటిదానివైపు మారారు. చీటీలను అదే రోజు చదవకుండా దాచి, తర్వాతి నెల చర్చ వాటితోనే మొదలుపెడితే, మధ్యలో గడిచిన నాలుగు వారాల్లో ఎవరెవరు ఏం ఆలోచించారో బయటపడుతుంది. ఆ అమ్మాయి తిరిగి వచ్చింది అలాంటి ఒక రోజునే. వచ్చి, చీటీలు చదివే పని తనకు ఇమ్మంది.